పాత ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ కొనే ముందు: దేనికి భయపడాలి, దేన్ని పట్టించుకోనక్కర్లేదు

పదిహేను, ఇరవై ఏళ్ల నాటి ఆఫ్‌రోడ్ బండి మీద మనసు పడిన ప్రతివాళ్లూ చేసే పని ఒకటుంది: ఆ మోడల్ పేరు కొట్టి, పక్కన 'ప్రాబ్లమ్స్' అని చేర్చి నెట్‌లో వెతకడం. అంతటితో నిద్ర ఎగిరిపోయినట్టే. ఒకాయన ఆ బండితోనే ఎడారి దాటానంటాడు, ఇంకొకాయన ఇంజిన్ రెండుసార్లు దించానంటాడు, మూడో ఆయనైతే పగవాడికి కూడా ఆ బండి వద్దంటాడు. ముగ్గురూ నిజమే చెబుతుంటారు. చిక్కంతా అక్కడే.

'ఈ మోడల్‌ని నమ్మొచ్చా?' అని అడిగినంత కాలం ఈ గందరగోళం తీరదు. దాని బదులు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ మోడల్ పాడైతే ఏ రకంగా పాడవుతుంది? ముందే చెప్పి పాడవుతుందా, ఉన్నట్టుండి ఆగిపోతుందా, కుంటుకుంటూ అయినా ఇంటికి చేరుస్తుందా, అడవి మధ్యలో వదిలేస్తుందా? రెండు, ఆ మోడల్‌కి అందరికీ తెలిసిన లోపం ఏదైతే ఉందో, దానికి చేయించాల్సిన పని ఈ ఒక్క బండికి ఎవరైనా చేయించారా, లేక ఆ ముచ్చట మీ కోసమే మిగిల్చారా?

కొత్త బండికైతే కంపెనీ పేరు చూస్తే చాలావరకు సరిపోతుంది. వయసు పెరిగేకొద్దీ కంపెనీల మధ్య తేడా తగ్గి, యజమానుల మధ్య తేడా పెరుగుతుంది. నలుగురి చేతులు మారి, గేర్‌బాక్స్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియని టయోటా ల్యాండ్ క్రూజర్ ఒకవైపు, ఒకే మనిషి దగ్గర ఉండి ప్రతి బిల్లూ ఫైల్లో దాచిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ ఇంకోవైపు ఉంటే నేనైతే ముందు డిస్కవరీ కిందే దూరి చూస్తాను. ల్యాండ్ క్రూజర్ అభిమానులకు కోపం వస్తే రానివ్వండి.

ఫిర్యాదుల్ని చదివే పద్ధతి

బండి బాగా నడుస్తున్నవాడు కూర్చుని రాయడు, కాలినవాడే రాస్తాడు. ఇది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది ఏంటంటే, ఫిర్యాదులు ఎక్కువున్న మోడల్ అంటే చాలాసార్లు జనం వదలకుండా నడుపుతున్న మోడల్ అని కూడా అర్థం. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒక బండి గురించి బోల్టు బోల్టుగా చర్చ నడుస్తోందంటే దాన్ని బాగుచేసుకునేవాళ్లు ఉన్నారని, స్పేర్స్ దొరుకుతున్నాయని. అసలు ఫిర్యాదులే కనపడని కొన్ని మోడళ్ల సంగతి వేరు, అవి ఎప్పుడో పాత ఇనుము కిందకి వెళ్లిపోయి ఉంటాయి.

రిలయబిలిటీ సర్వేలు కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. అవి ఎక్కువగా బండి మొదటి కొన్నేళ్ల గురించి మాట్లాడతాయి, పైగా చాలావాటిలో టచ్ స్క్రీన్ మొరాయించినా గేర్‌బాక్స్ పోయినా ఒక 'సమస్య' కిందే లెక్క. మనకు కావాల్సింది ఆ లెక్క కాదు. 'ఎలక్ట్రికల్స్ అంతా దండగ' లాంటి మాటల్ని దాటేసి, ఒకరికొకరు తెలియని పదిమంది అదే పార్టు గురించి, దాదాపు అదే కిలోమీటర్ల దగ్గర, అదే విధంగా చెబుతున్నారా అని చూడండి. అది అసలైన బలహీనత. దానికి మందు కూడా వాళ్లే చెబుతుంటే ఇంకా మంచిది, ఎందుకంటే బాగా తెలిసిన లోపం ఎప్పుడూ తెలియని లోపం కంటే చవక.

అరిచి గోల చేసేవి, నోరెత్తకుండా ముంచేవి

ల్యాండ్ రోవర్ డిస్కవరీ 2నే తీసుకుందాం, 1998 నుంచి 2004 దాకా వచ్చింది. దీని డాష్‌బోర్డు మీద ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, హిల్ డిసెంట్ (వాలు దిగేటప్పుడు వేగాన్ని అదుపు చేసేది) మూడు లైట్లూ ఒకేసారి వెలగడం ఎంత మామూలంటే వాటికి 'త్రీ అమిగోస్' అని ముద్దుపేరు కూడా పెట్టారు. కొత్తగా చూసేవాడికి గుండె జారిపోతుంది. తీరా చూస్తే చాలాసార్లు అది చక్రం దగ్గరి సెన్సరో, ఏబీఎస్ మాడ్యులేటర్‌లో ఉండే చిన్న షటిల్ వాల్వ్ స్విచ్చో అవుతుంది, ఓపికున్నవాడు ఇంట్లోనే బాగుచేసుకుంటాడు. అదే బండిలోని పెట్రోల్ వీ8 కథ వేరు. 1960ల మొదట్లో అమెరికాలో బ్యూక్ చేసిన అల్యూమినియం ఇంజిన్ వంశం అది. అల్యూమినియం బ్లాకులో, పిస్టన్లు ఆడే చోట, ఇనుప లైనర్లు, అంటే గొట్టాల్లాంటి తొడుగులు. ఒక్కసారి బాగా వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోవచ్చు, లైనరే కదిలిపోవచ్చు. దీనికి డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మాత్రం వారం వారం కొంచెం కొంచెం తగ్గుతుంటుంది. మూడు లైట్లు చూసి పారిపోయినవాడూ, లైట్లేమీ లేవని ధైర్యంగా కొన్నవాడూ ఇద్దరూ తప్పు చోటే చూశారు.

2004లో వచ్చిన డిస్కవరీ 3 దగ్గరికొస్తే జనం అందరూ ముందు భయపడేది ఎయిర్ సస్పెన్షన్‌కి. భయం అబద్ధం కాదు గానీ అది పోయే తీరు అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. నాలుగు మూలలా గాలి సంచులు, వాటిని నింపడానికి ఒక కంప్రెసర్. వయసుతో ఏదో ఒక సంచి దగ్గరో, వాల్వ్ దగ్గరో సన్నగా గాలి కారడం మొదలవుతుంది. కారే ట్యాంకుని నింపడానికి మోటారు రోజంతా ఆడినట్టు ఆ కంప్రెసర్ పదేపదే ఆడి ఆడి చివరికి అరిగిపోతుంది. ఓనరు కొత్త కంప్రెసర్ వేయిస్తాడు, లీకు అలాగే ఉంటుంది, కొత్తదీ పోతుంది. 'కంప్రెసర్ కొత్తదండీ' అని అమ్మేవాడు గర్వంగా చెబితే మీరు అడగాల్సింది, లీకు ఎక్కడ దొరికింది అని. చూసే పద్ధతీ తేలికే: సాయంత్రం చదునైన చోట ఆపి, నాలుగు చక్రాల పైన అంచు ఎత్తు కొలిచి పెట్టుకుని, తెల్లారాక మళ్లీ కొలవాలి. ఒక మూల కిందకి దిగి ఉంటే దొంగ ఆ మూలే. ఈ లోపం డబ్బు తింటుంది కానీ ముందే కనిపిస్తుంది, చాలాసార్లు మిమ్మల్ని ఇంటికి కూడా చేరుస్తుంది. ఇంకో చిన్న విషయం, ఈ తరం బండ్లలో బ్యాటరీ బలహీనపడితే చాలు, సంబంధం లేని వార్నింగులన్నీ వరసగా వస్తాయి. మంచి బ్యాటరీ పెట్టి చూడకుండా ఏదీ నమ్మకండి.

అదే డిస్కవరీ 3లోని 2.7 లీటర్ల టీడీవీ6 డీజిల్ ఇంజిన్‌కి ఇంకో లోపం ఉంది, బేరింగ్ పోయి క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన ఇరుసు) విరగడం. అన్నింటికీ జరగదు, చాలా బండ్లు హాయిగా తిరుగుతున్నాయి. కానీ జరిగినప్పుడు ముందస్తు హెచ్చరిక దాదాపు ఉండదు, అక్కడికక్కడే ఇంజిన్ చేతులెత్తేస్తుంది. పైగా ఈ ఇంజిన్‌కి ముందు టైమింగ్ బెల్ట్ ఒకటి, వెనక ఫ్యూయల్ పంపుని తిప్పే బెల్ట్ ఇంకొకటి. రెండూ మార్చారా అని విడివిడిగా అడగాలి, ముందుది మార్చి వెనకది మర్చిపోయిన బిల్లులు ఎన్నో. పైన బాడీని ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం) నుంచి లేపితే తప్ప టర్బో లాంటి కొన్ని పనులు సుళువుగా జరగవు కాబట్టి పార్టు కంటే కూలీ ఎక్కువవుతుంది. ఇదే బండిలో జాగ్వార్ నుంచి వచ్చిన 4.4 లీటర్ల పెట్రోల్ వీ8కి మాత్రం మంచి పేరుంది, పెట్రోల్ తాగడం తప్ప. అంటే ఒకే బండి, ఒకే ఏడాది, ఇంజిన్‌ని బట్టి రెండు వేర్వేరు నిర్ణయాలు. 'డిస్కవరీ 3 నమ్మొచ్చా?' అనే ప్రశ్నకి జవాబు లేదని నేననేది ఇందుకే.

నిస్సాన్‌ది ఇంకా విచిత్రం. 2005 నుంచి 2010 దాకా వచ్చిన ఎక్స్‌టెరా, పాత్‌ఫైండర్ ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. లోపల ఆ అడ్డుగోడ పగిలితే కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్ కలిసిపోయి గులాబీ రంగు నురగ తయారవుతుంది. రేడియేటర్ లోపం, చచ్చేది మాత్రం గేర్‌బాక్స్. ఆలోచిస్తే బాధేస్తుంది, ఎందుకంటే దీనికి మందు చాలా చిన్నది: కొత్త రేడియేటర్ వేయించడమో, ఆ లోపలి కూలర్‌ని వదిలేసి బయట విడిగా ఒకటి పెట్టించడమో. ఆ పని ముందే జరిగి ఉంటే ఈ బండి అంత గట్టిది ఆ తరంలో తక్కువే. జరగకపోతే, అది గేర్‌బాక్స్‌తో ఆడే జూదం. కొనేవాడు చూడాల్సింది ఒకే ఒక్క బిల్లు.

మరి టయోటా? పేరు ఊరికే రాలేదు, ఒప్పుకుంటాను. కానీ 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్ మొదటి ఏళ్లలో వచ్చిన 1హెచ్‌డీ-టీ టర్బో డీజిల్‌కి కనెక్టింగ్ రాడ్ బేరింగులు తొందరగా అరిగే అలవాటుంది, తెలిసినవాళ్లు అవి పోకముందే మార్పించుకుని ఆ తర్వాత లక్షల కిలోమీటర్లు నడుపుతారు. ప్రాడో 120లోని 3 లీటర్ల 1కేడీ డీజిల్‌లో ఇంజెక్టర్ల కింది రాగి వాషర్లు లీకైతే, మండిన గ్యాసు పైనుంచి ఇంజిన్ ఆయిల్‌లోకి చేరి, మసి పేరుకుని, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో దాన్ని పీల్చే జల్లెడ మూసుకుపోతుంది. ఆయిల్ అందని ఇంజిన్ ఎన్నాళ్లుంటుంది? అమ్మేవాడిని 'ఇంజెక్టర్ సీళ్లు ఎప్పుడు మార్చారు, జల్లెడ చూశారా' అని అడగండి. ఖాళీ మొహం పెట్టాడంటే 'టయోటాకి ఏమీ అవదండీ' అనే నమ్మకంతో నడిపిన బండి అన్నమాట. ఆ నమ్మకమే ఎన్నో టయోటాలని చంపింది. 100 సిరీస్ 4.7 లీటర్ల పెట్రోల్ వీ8కి కూడా గొలుసు కాదు, టైమింగ్ బెల్టే. దాదాపు లక్షన్నర కిలోమీటర్లకోసారి మార్చాలి.

జీప్ రాంగ్లర్ గురించి ఒక్క మాట. ముందు కూడా గట్టి యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు) ఉన్న ఈ బండ్లలో వేగం మీద ఒక గుంత తగలగానే స్టీరింగ్ భయంకరంగా ఊగిపోవడం ఉంటుంది, 'డెత్ వాబుల్' అంటారు. ట్రాక్ బార్ బుష్షులు, బాల్ జాయింట్లు, టైర్ల బ్యాలెన్సు, వీటిలో ఏదో ఒకటి కారణం. కానీ చాలామంది కొత్త స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి బిగించి ఆ ఊపుని దాచేస్తారు. కాబట్టి బండి కింద అన్నీ మట్టి పట్టిన పాత పార్టులు, మధ్యలో ఒక్క డ్యాంపర్ మాత్రం తళతళ మెరుస్తోందంటే ఆ మెరుపుకి కారణం అడగండి.

మారని పార్టు ఒక్కటే

ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది, గేర్‌బాక్స్ కూడా అంతే. ఛాసిస్ పోతే బండే పోయినట్టు. అయినా కొనేవాళ్లలో పదికి తొమ్మిదిమంది బానెట్ ఎత్తి ఇంజిన్ వైపు గంభీరంగా చూస్తారు, కింద పడుకుని చూసేది ఒక్కరు. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల, సముద్రం పక్కన, ఇసుక తీరాల్లో తిరిగిన బండ్లకి ఇదే అసలు ప్రాణగండం. పేరున్న కంపెనీ అని మినహాయింపేమీ లేదు. టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఛాసిస్ తుప్పు మీద అమెరికాలో నడిచిన కేసుని 2016లో టయోటా రాజీ చేసుకుంది, అందులో దాదాపు 15 లక్షల బండ్లున్నాయి.

తుప్పు బయటినుంచి కాదు, లోపలినుంచి తింటుంది. ఛాసిస్ పెట్టె ఆకారంలో ఉండే గొట్టం, దాని కింద నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. బురదలో తిరిగి వచ్చాక బయటంతా కడుగుతారు, ఆ కన్నాల్లోంచి లోపలికి వెళ్లిన బురదని ఎవరూ కడగరు. అది ఏళ్లపాటు తడిగా అలాగే ఉండిపోతుంది. అందుకని ఆ కన్నంలో ఒక తీగ పెట్టి కెలకండి. ఎండిన మట్టి రాలితే సరే, రేకులు రేకులుగా తుప్పు రాలితే ఆలోచించాలి. తర్వాత ఒక చిన్న సుత్తితో, అమ్మేవాడి అనుమతితోనే, ఛాసిస్ పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము గట్టిగా మోగుతుంది, తిన్న ఇనుము బద్దకంగా మూలుగుతుంది. వెనక చక్రాలు దాటాక ఉండే భాగం, స్ప్రింగు బ్రాకెట్లు, బాడీ మౌంట్లు, బ్రేకు పైపులు ఆనుకుని ఉండే చోట్లు ఎక్కువసేపు చూడండి. డిస్కవరీ 2కి వెనక ఛాసిస్సే ఎక్కువ తింటుంది.

కింద అంతా దట్టంగా నల్లటి కోటింగ్ కొట్టి ఉంటే, అదీ అమ్మకానికి పెట్టిన నెలలోనే కొట్టి ఉంటే, అది బాగు కాదు, ముసుగు. పైన పటారం లోన లొటారం అనే మాట ఈ బండ్లకే పుట్టిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి. మామూలు పైపై తుప్పు కనిపిస్తున్న బండి కంటే ఏమీ కనపడనివ్వని బండి మీదే నాకు ఎక్కువ అనుమానం.

బండిని ఎలా వాడారో బండే చెబుతుంది

ఆఫ్‌రోడ్ బండికి ఓడోమీటర్ చెప్పేది సగం నిజమే. కంపెనీ టైరు ఎత్తు 29 అంగుళాలు, ఇప్పుడున్నది 33 అనుకుందాం. చక్రం ఒకసారి తిరిగితే బండి ఇదివరకటి కంటే దాదాపు 14 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. సరిచేయించకపోతే ఆ టైర్ల మీద లక్ష కిలోమీటర్లు అని చూపించేది నిజానికి 1,14,000. అది చిన్న విషయం. పెద్దది ఏంటంటే, లో రేంజ్‌లో (బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లలో) గంటకి 8 కిలోమీటర్ల లెక్కన పొద్దున్నించి సాయంత్రం దాకా రాళ్లెక్కిన రోజున మీటరు మీద పడేది అరవై పైచిలుకు, ఇంజిన్ మాత్రం ఎనిమిది గంటలు కాగుతూ పనిచేసింది. తక్కువ కిలోమీటర్లు అని మురిసిపోకండి.

నీళ్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాగు దాటిన బండికి స్నోర్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి అందించే ఎత్తైన గొట్టం) ఉంది కదా, ఏం కాదులే అనుకుంటారు. స్నోర్కెల్ కాపాడేది ఇంజిన్ పీల్చే గాలిని మాత్రమే. యాక్సిల్ లోపల డిఫరెన్షియల్ (శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) తిరిగి తిరిగి వేడెక్కి ఉంటుంది, దాన్ని ఉన్నపళంగా చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని బయటినుంచి ఏది దొరికితే అది లాక్కుంటుంది. ఆ గాలి రావడానికి పైన బ్రీతర్ అని ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోయినా, నీటి మట్టం కంటే కిందే ఉన్నా సీళ్ల పక్కనుంచి నీళ్లే లోపలికి పోతాయి. ఆ తర్వాత గేర్ ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడుతుంది, బేరింగులు తుప్పు పడతాయి, ఏడాది తర్వాత 'హౌసింగ్‌లో ఏదో శబ్దం' మొదలవుతుంది. డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్ విప్పి వేలు ముంచి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. ముందుదీ వెనకదీ రెండూ చూడండి. పాత ల్యాండ్ క్రూజర్ 80కైతే ముందు యాక్సిల్ చివర గుండ్రటి నకుల్ దగ్గర పల్చబడ్డ నల్ల గ్రీజు కారుతోందా చూడాలి; లోపలి సీలు పోయి గేర్ ఆయిల్ గ్రీజులో కలుస్తోందని గుర్తు. ఖరీదైన పార్టులు కావు, కానీ బోలెడంత పని.

బండి నిజంగానే నీళ్లలో మునిగిందా అనే అనుమానం ఉంటే సీటు బెల్టుని చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి అడుగు గుడ్డని ఎవరూ ఉతకరు, ఒండ్రు మరక ఉంటే అక్కడే దొరుకుతుంది.

దుమ్ము చేసే నష్టం మాత్రం బయటికి కనపడదు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె సరిగ్గా మూయకపోయినా, స్నోర్కెల్ జాయింటు వదులుగా ఉన్నా సన్నటి దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోయి సిలిండర్‌నీ రింగుల్నీ రుద్దేస్తుంది. ఫిల్టర్ తీసి, ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి మట్టి రంగు అంటితే ఆ ఇంజిన్ దుమ్ము తిన్నట్టే. డబ్బు ఎక్కువ పెడుతున్నారంటే ఇంజిన్ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపడం కూడా మంచిదే, సిలికాన్ ఎక్కువుంటే దుమ్ము, సీసం, రాగి ఎక్కువుంటే బేరింగుల అరుగుదల అని లెక్క వస్తుంది. ఆయిల్ నిన్ననే మార్చి ఉంటే మాత్రం ఈ పరీక్ష దండగ.

ఇక మార్పులు. రెండంగుళాలు ఎత్తు పెంచిన బండిని చూసి కంగారు పడక్కర్లేదు. నాలుగు, ఆరు అంగుళాలు లేపితే యాక్సిల్ జాయింట్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ తమకు అలవాటు లేని కోణంలో తిరుగుతాయి, రబ్బరు బూట్లు చిరుగుతాయి, బ్రేకు గొట్టాలు చాలక లాగినట్టుంటాయి. ఎవరు బిగించారో బిల్లు లేని లిఫ్ట్ కిట్, టేపు చుట్టి అతికించిన వించ్ వైరింగు, వీటికి విలువ కట్టడం కాదు, ధరలోంచి తీసేయాలి. అసలు తారు రోడ్డు దిగని బండి అయితే ఇంకా భేషా అంటే, అదీ కాదు. ఏళ్లతరబడి వాడని ఫోర్ వీల్ లివర్ బిగుసుకుపోతుంది, మోటారుతో పడేదైతే ఆ మోటారే పట్టేస్తుంది. మట్టి నేల మీదికి తీసుకెళ్లి ఫోర్ హై (మామూలు గేర్లలో నాలుగు చక్రాలకీ శక్తి), లో రేంజ్ రెండూ వేసి, కొంత దూరం నడిపి, మళ్లీ తీసి చూడందే బేరం మొదలుపెట్టకండి.

చల్లటి ఇంజిన్, సెల్ఫ్ కొట్టిన మొదటి నిమిషం

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, 'మీకోసం స్టార్ట్ చేసి పెట్టానండీ' అన్నారంటే, టీ తాగొచ్చి మళ్లీ చూద్దాం అనడం కాదు, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టిన మొదటి నిమిషంలో బయటపడే నిజాలు తర్వాత గంటసేపు తిప్పినా బయటపడవు. నీలం పొగ ఆయిల్ మండటం, ఆగకుండా వచ్చే తెల్లపొగ, దానికి తియ్యటి వాసన ఉంటే కూలెంట్. రేడియేటర్ పైగొట్టాన్ని పట్టుకోండి: ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే అది గట్టిగా బిగుసుకుందంటే మండిన గ్యాసు కూలెంట్‌లోకి వెళ్తోందేమోనని అనుమానించాలి. దానికి ఒక రసాయన పరీక్ష ఉంది, రేడియేటర్ మూతి దగ్గర నీలం ద్రావకం పెడతారు, పెట్రోల్ ఇంజిన్‌లో గ్యాసు తగిలితే అది పసుపు రంగుకి మారుతుంది. హెడ్ గ్యాస్కెట్‌కి పేరు మోసిన మోడల్ ఏదైనా ఇది చేయించకుండా కొనకండి.

ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ గురించి అడగండి. 'లైఫ్ టైమ్ ఆయిల్ అండీ, మార్చక్కర్లేదు' అనే జవాబు వస్తుంది. ఎవరి లైఫ్ టైమో చెప్పరు. ఎన్నో ఎస్‌యూవీలకి గేర్‌బాక్సులు చేసే జడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది.

స్కానర్ పెట్టించడం ఎటూ చేస్తారు కదా, లోపాల కోడ్‌లు ఏమీ లేవని సంబరపడకుండా బండి తన స్వీయ పరీక్షలన్నీ పూర్తి చేసుకుందో లేదో కూడా అదే స్కానర్‌లో చూడమనండి. అవి పూర్తి కాలేదని చూపిస్తే ఎవరో ఇప్పుడే కోడ్‌లు చెరిపేశారని, లేదా బ్యాటరీ తీసి పెట్టారని. టైర్ల పక్కన అచ్చులో ఉండే నాలుగంకెలు కూడా చదవండి, 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు బాగున్నా పదేళ్ల టైరు టైరు కాదు. నాలుగు టైర్లూ నాలుగు రకాలైతే, ముఖ్యంగా ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే బండిలో, ఆ తేడా అంతా మధ్య డిఫరెన్షియల్ మోసిందన్నమాట.

డబ్బు, స్పేర్స్, మెకానిక్

నా లెక్క మొరటుగా ఉంటుంది: బండికని అనుకున్న మొత్తంలో మూడో వంతు పక్కన పెట్టి, మిగతా రెండు వంతుల్లో బండి వెతుక్కోవాలి. ఆ మూడో వంతు దేనికంటే, బండి ఎంత బాగున్నా అన్ని ఆయిళ్లు, కూలెంట్, దాని గొట్టాలు, థర్మోస్టాట్, బెల్టులు, బ్యాటరీ, బ్రేకు గొట్టాలు, బుష్షులు మొదటి ఆరు నెలల్లో మార్చేయడానికి. ప్లాస్టిక్, రబ్బరు కిలోమీటర్లతో కాదు, వయసుతో, వేడితో పోతాయి, వాటికి కంపెనీ పేరు తెలియదు. మొత్తం డబ్బు పోసి మెరిసే బండి కొని, తర్వాత ఆయిల్ మార్చడానికి జంకేవాడి చేతిలో ఏ బండైనా నమ్మకం లేనిదే అవుతుంది.

మీకు అందుబాటులో ఆ మోడల్‌ని విప్పి బిగించిన మెకానిక్ ఉన్నాడా అనేది కూడా రిలయబిలిటీలో భాగమే, అది ఏ సర్వేలోనూ ఉండదు. డిస్కవరీ 3 లాంటి బండికి దాని కంప్యూటర్లతో మాట్లాడే స్కానర్ సొంతంగా ఉండటం సగం బలం. పార్టు రావడానికి మూడు వారాలు పట్టే బండి చిన్న లోపంతోనే మూడు వారాలు మూలన పడుతుంది, అదే మీకున్న ఒకే ఒక్క బండి అయితే రోజూ పనికి ఎలా వెళ్తారో ముందే ఆలోచించుకోండి. రెండో బండిగా కొంటున్నారంటే ఇక్కడ చెప్పిన భయాల్లో సగం తీసేయొచ్చు. ఈ తలనొప్పంతా మనకెందుకు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అనిపిస్తోందా, అలా అనిపించేవాళ్లు మామూలు కారు కొనుక్కోవడమే మంచిది. ఎగతాళి కాదు, నిజంగానే.

చెమట పట్టినట్టు కాస్త ఆయిల్ తడి, అరిగిన షాకప్స్, చిరిగిన సీట్లు, వదులైన బుష్షులు, కోడ్ తెలిసిన వార్నింగ్ లైటు, ఇవన్నీ బేరం ఆడటానికి పనికొచ్చేవి. తినేసిన ఛాసిస్, కూలెంట్‌లో ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్‌లో నురగ, బండిని ర్యాంపు ఎక్కించనివ్వని ఓనరు, ఈ నాలుగిట్లో ఏ ఒక్కటి కనిపించినా ధర ఎంత తగ్గించినా నేను ఆగను.

అన్నీ చూసి కొన్నాక మొదటి వారమే కొండల్లోకి తీసుకుపోకండి. నెలా రెండు నెలలు సిగ్నల్ దొరికే దూరంలోనే తిప్పుతూ, వారానికోసారి పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్, కూలెంట్ మట్టాలు రాసిపెట్టుకోండి. కింద ఎక్కడా చుక్క పడకుండానే కూలెంట్ తగ్గుతోందంటే, కొనేముందు చేయించిన ఆ గ్యాసు పరీక్ష మళ్లీ చేయించి, దాని సంగతి తేలాకే దూరం వెళ్లండి.